అసలు వయాట్ ఎర్ప్ ఎవరు? వెస్టర్న్ సినిమాల వెనుక ఒక జీవితం



1929 జనవరిలో అమెరికాలోని లాస్ ఏంజెల్స్ నగరంలో ఎనభై ఏళ్ల పెద్దాయన ఒకరు చనిపోయారు. ఆయన శవపేటికను మోసినవారి జాబితాలో ఇద్దరు సినిమా హీరోలున్నారు. ఒకరు టామ్ మిక్స్, మరొకరు విలియం ఎస్. హార్ట్. మూకీ సినిమాల రోజుల్లో కౌబాయ్ పాత్రలంటే వీళ్లిద్దరే. అదే జాబితాలో జాన్ క్లమ్ అనే ముసలాయన కూడా ఉన్నారు. అరిజోనాలోని టూమ్‌స్టోన్ ఊరికి ఒకప్పటి మేయర్ ఆయన. అంటే అసలు సంఘటన జరిగినప్పుడు ఆ ఊళ్లో ఉన్నవాళ్లూ, అలాంటి సంఘటనలను తెరమీద నటించినవాళ్లూ కలిసి ఒకే పెట్టెను మోశారన్నమాట. ఆ పెట్టెలో ఉన్నది వయాట్ ఎర్ప్.

కృష్ణగారి 'మోసగాళ్లకు మోసగాడు' 1971లో వచ్చినప్పటి నుంచి కౌబాయ్ టోపీ, గుర్రం, నడుముకు తుపాకీ మనకు కొత్త కాదు. మీలో చాలామంది ఆ సినిమానో, చిరంజీవిగారి 'కొదమ సింహం'నో చూసే ఉంటారు. ఇప్పుడు మీ పిల్లలు అసలు హాలీవుడ్ వెస్టర్న్‌లే ఇంట్లో టీవీలో చూస్తున్నారు. అది నిజంగా జరిగిందా అని వాళ్లు అడిగితే చెప్పడానికి వయాట్ ఎర్ప్ జీవితం కంటే మంచి ఉదాహరణ నాకు దొరకలేదు. ఒకే మనిషి గురించి, ఒకే మధ్యాహ్నం గురించి హాలీవుడ్ ఇన్నిసార్లు, ఇన్ని రకాలుగా సినిమాలు తీసిన సందర్భాలు తక్కువ.

వయాట్ బెర్రీ స్టాప్ ఎర్ప్ 1848 మార్చి 19న ఇల్లినాయ్ రాష్ట్రంలోని మన్మత్‌లో పుట్టాడు. తండ్రి నికొలస్ మెక్సికో యుద్ధంలో పనిచేశాడు. అక్కడి తన కెప్టెన్ పేరునే కొడుక్కి యథాతథంగా పెట్టేశాడు. ఇంట్లో మగపిల్లలు ఎక్కువ. జేమ్స్, వర్జిల్ అన్నలు. మోర్గన్, వారెన్ తమ్ముళ్లు. ఒక సవతి అన్న కూడా ఉన్నాడు. ఈ వరుస గుర్తుపెట్టుకోండి, సినిమాల దగ్గర పనికొస్తుంది. తండ్రి ఒకచోట కుదురుగా ఉండే మనిషి కాదు. 1864లో కుటుంబం మొత్తం గుడారపు బళ్ల మీద కాలిఫోర్నియాకు వెళ్లింది, కొన్నేళ్లకు మళ్లీ తూర్పుకు తిరిగొచ్చింది.

1870లో మిస్సోరీ రాష్ట్రంలోని లమార్‌లో వయాట్‌కు కానిస్టేబుల్ ఉద్యోగం వచ్చింది, పెళ్లయింది. భార్య యురిల్లా కొన్ని నెలలకే గర్భిణిగా ఉండగా చనిపోయింది. ఆ తర్వాతి రెండేళ్లు సినిమావాళ్లు ఎక్కువగా దాటవేసే భాగం. లమార్‌లో ఆయన వసూలు చేసిన లైసెన్సు ఫీజులు అక్కడి స్కూళ్లకు వెళ్లాలి. ఆ డబ్బు జమ చేయలేదని 1871లో కౌంటీ ఆయనపై దావా వేసింది. (స్కూల్ న్యూస్‌లెటర్‌లో ఈ సంగతి రాయకుండా ఉండలేకపోయాను!) అదే ఏడాది గుర్రాల దొంగతనం కేసులో అరెస్టయ్యాడు. ఆర్కన్సాలోని వాన్ బ్యూరెన్ జైలు పైకప్పు గుండా కొందరు ఖైదీలతో కలిసి తప్పించుకుని పోయాడు. ఆ కేసు ఆయనపై ఎప్పుడూ రుజువు కాలేదు, విచారణే జరగలేదు. తర్వాతి రోజుల్లో ఆయన తన కథ చెప్పినప్పుడు ఈ రెండేళ్ల ఊసు రానిచ్చేవాడు కాదు.

తర్వాత కాన్సాస్. టెక్సస్ నుంచి పశువుల మందలను తోలుకొచ్చి రైలెక్కించే ఊళ్లు అవి. నెలల తరబడి మంద వెంట నడిచి, చేతిలో జీతం డబ్బుతో వచ్చే కుర్రాళ్లను అదుపులో పెట్టడానికి ఆ ఊళ్లకు పోలీసులు కావాలి. ఎర్ప్ ముందు విచిటాలో, 1876 నుంచి డాడ్జ్ సిటీలో ఆ పని చేశాడు. ఆయన పద్ధతి సినిమాల్లో చూసేది కాదు. ఎదురుగా నిలబడి తుపాకీ దూయడం కంటే, తాగి గొడవ చేసేవాడి తలమీద తుపాకీతో ఒక్కటిచ్చి లాక్కెళ్లి లాకప్‌లో పడేయడమే ఎక్కువ. విచిటాలో ఒకసారి కుర్చీలో వెనక్కి వాలి కూర్చుంటే ఒర నుంచి సొంత తుపాకీయే జారి కిందపడి పేలింది. గుండు ఆయన కోటులోంచి దూసుకుపోయింది. స్థానిక పత్రిక ఆ వార్తను నవ్వుతూ వేసింది. గురితప్పని వీరుడి సినిమాల్లో ఈ సీన్ నాకైతే ఎక్కడా కనిపించలేదు. పెడితే థియేటర్‌లో బాగా నవ్వులు పండేవి.

1879 డిసెంబర్‌లో అన్నదమ్ములు టూమ్‌స్టోన్ చేరారు. టూమ్‌స్టోన్ అంటే సమాధి రాయి. ఎడ్ షీఫ్లిన్ అనే అతను అక్కడి కొండల్లో ఖనిజం కోసం వెతుకుతుంటే, నీకక్కడ దొరికేది నీ సమాధి రాయేనని తెలిసినవాళ్లు ఎగతాళి చేశారట. అతనికి వెండి దొరికింది, గనికి ఆ పేరే పెట్టాడు. గని చుట్టూ ఊరు లేచింది. ఎర్ప్ సోదరులు వెళ్లింది న్యాయం నిలబెట్టడానికేమీ కాదు, డబ్బు సంపాదించడానికి. గనుల్లో వాటాలు, జూదశాలలో భాగం, ఏదైనా ప్రభుత్వ ఉద్యోగం, ఇవీ వాళ్ల ఆలోచనలు. ఊరి పోలీసు అధికారి పదవి చివరికి అన్న వర్జిల్‌కు దక్కింది. సినిమాల్లో ఆ నక్షత్రం బ్యాడ్జి వయాట్ గుండెమీదే మెరుస్తుంది గానీ, ఆ రోజు అధికారి వర్జిల్. వయాట్ అతని కింద తాత్కాలిక సహాయకుడు మాత్రమే.

ఇంకొక మాట గురించి చెప్పాలి. ఆ రోజుల్లో టూమ్‌స్టోన్ చుట్టుపక్కల కౌబాయ్ అన్నది తిట్టు. సరిహద్దు దాటి పశువులను దొంగిలించుకొచ్చే ముఠాలను అలా పిలిచేవారు. నిజాయితీగా పశువులు పెంచుకునే రైతును కౌబాయ్ అంటే ఊరుకునేవాడు కాదు. మన ఫ్యాన్సీ డ్రెస్ పోటీల్లో పిల్లలకు ముచ్చటగా వేసే వేషం పేరు అది!

1881 అక్టోబర్ 26, బుధవారం, మధ్యాహ్నం మూడు గంటల ప్రాంతం. ముందురోజు రాత్రంతా ఐక్ క్లాంటన్ అనే ఆ ముఠా మనిషి తాగి, ఎర్ప్ సోదరులనూ వాళ్ల స్నేహితుడు డాక్ హాలిడేనూ చంపుతానని ఊరంతా చాటాడు. టూమ్‌స్టోన్‌లో ఒక ఊరి చట్టం ఉంది. ఊళ్లోకి వచ్చినవాళ్లు తుపాకులు పట్టుకుని తిరగకూడదు, ఒకచోట అప్పగించాలి. మీకిది వింతగా అనిపించవచ్చు. సినిమాల్లో ప్రతి నడుముకూ తుపాకీ వేలాడుతుంది. నిజానికి పాత పశ్చిమంలో చాలా ఊళ్లలో ఇలాంటి నిషేధాలుండేవి. ఆ రోజు వర్జిల్ ఐక్‌ను పట్టుకుని, తలమీద కొట్టి, తుపాకులు లాక్కుని కోర్టుకు తీసుకెళ్తే పాతిక డాలర్ల జరిమానా పడింది. తర్వాత ఐక్ తమ్ముడు బిల్లీ, ఫ్రాంక్, టామ్ అనే మెక్‌లారీ సోదరులు, బిల్లీ క్లేబోర్న్ అతనికి తోడయ్యారు. వాళ్ల ఆయుధాలు తీసేసుకోవడానికని వర్జిల్, వయాట్, మోర్గన్, హాలిడే నడుచుకుంటూ వెళ్లారు. సినిమాల్లో మహా ఎదురుకాల్పుల యుద్ధంగా చూపించేది ఈ తుపాకుల నిషేధం అమలు వ్యవహారాన్నే.

జరిగిన చోటు ఓ.కె. కోరల్ కాదు. కోరల్ అంటే గుర్రాలను, బళ్లను ఉంచే దొడ్డి. కాల్పులు ఆ దొడ్డి వెనుక గుమ్మానికి కొంత దూరంలో, ఫ్రీమాంట్ వీధిలో, రెండు కట్టడాల మధ్య ఉన్న ఇరుకైన ఖాళీ స్థలంలో జరిగాయి. వెడల్పు ఐదారు మీటర్లు. మన స్కూల్ క్లాస్‌రూమ్ అంత అనుకోండి. అందులో మనుషులూ, గుర్రాలూ. సుమారు ముప్పై గుళ్లు, సుమారు ముప్పై సెకన్లు. ఇంట్లో పిల్లలతో ఫోన్‌లో స్టాప్‌వాచ్ పెట్టి ముప్పై సెకన్లు లెక్కపెట్టించండి. తర్వాత ఏదైనా వెస్టర్న్ క్లైమాక్స్ పెట్టి మళ్లీ లెక్కపెట్టమనండి.

వయాట్ తుపాకీ ఒరలో కూడా లేదు, ఓవర్‌కోటు జేబులో ఉంది. మొదటి గుండు ఎవరు పేల్చారన్నది అప్పుడే తేలలేదు. ఇన్నిరోజులూ రంకెలు వేసిన ఐక్ తన దగ్గర ఆయుధం లేదని వయాట్‌ను పట్టుకుని బతిమాలి పారిపోయాడు. క్లేబోర్న్ కూడా పరుగెత్తాడు. మెక్‌లారీ సోదరులిద్దరూ, ఇంకా ఇరవై ఏళ్లు నిండని బిల్లీ క్లాంటన్ చనిపోయారు. టామ్ మెక్‌లారీ దగ్గర అసలు తుపాకీ ఉందా లేదా అన్న వాదన నేటికీ తెగలేదు. వర్జిల్‌కు పిక్కలో, మోర్గన్‌కు భుజాల దగ్గర గాయాలయ్యాయి. హాలిడేకు గుండు రాసుకుపోయింది. వయాట్‌కు ఏమీ కాలేదు.

నన్ను ఎక్కువగా ఆలోచింపజేసిన సంగతి ఇది. ఆ ఖాళీ స్థలానికి పక్కనే ఉన్నది సి.ఎస్. ఫ్లై అనే ఫోటోగ్రాఫర్ స్టూడియో. పాత పశ్చిమానికి చెందిన అపురూపమైన ఫోటోలు కొన్ని అతను తీసినవే. ఆ రోజు అతను బయటకు వచ్చాడు, చేతిలో కెమెరాతో కాదు, రైఫిల్‌తో. కొన ఊపిరితో ఉన్న బిల్లీ క్లాంటన్ చేతిలోంచి తుపాకీ తీసేశాడు. కాల్పుల ఫోటో ఒక్కటీ లేదు. మిగిలింది ముగ్గురినీ శవపేటికల్లో ఉంచి తీసిన ఫోటో. అసలు దృశ్యం ఎవరి దగ్గరా లేదు కాబట్టే ఆ తర్వాత ఎవరికి నచ్చినట్టు వాళ్లు దాన్ని తీయగలిగారు.

ఎర్ప్‌లపై, హాలిడేపై హత్య కేసు పడింది. జడ్జి వెల్స్ స్పైసర్ ముందు నెలరోజుల విచారణ సాగింది. వయాట్‌ను, హాలిడేను సహాయకులుగా తీసుకోవడం వర్జిల్ తెలివితక్కువ పని అంటూనే, కేసు పైకోర్టుకు పంపేంత నేరం కనిపించలేదని ఆయన వదిలేశాడు. చట్టం వదిలినా పగ వదల్లేదు. డిసెంబర్ 28 రాత్రి వర్జిల్‌ను చాటునుంచి కాల్చారు. ఎడమచేయి జీవితాంతం పనికిరాకుండా పోయింది. 1882 మార్చి 18న మోర్గన్ బిలియర్డ్స్ ఆడుతుండగా వెనుక నుంచి కాల్చి చంపారు. అప్పుడు వయాట్ కొందరిని వెంటేసుకుని, అనుమానమున్నవాళ్లను వెతికి చంపుకుంటూ వెళ్లాడు. అప్పటికి ఆయన దగ్గర ఫెడరల్ అధికారి హోదా ఉంది, కానీ చేసింది అరెస్టులు కాదు. ఆయన మీద వారెంటు జారీ అయింది. ఆయన అరిజోనా వదిలి వెళ్లిపోయాడు. ఆ హత్యలకు ఎప్పుడూ కోర్టు మెట్లెక్కలేదు. ఇందులో వీరత్వం చూసేవాళ్లున్నారు. నాకైతే ముగ్గురు కలిసి బతకడానికి వచ్చిన ఊళ్లో ఒక తమ్ముణ్ణి పోగొట్టుకుని, అన్నను అవిటివాణ్ణి చేసుకుని వెళ్లిపోయిన మనిషి కనిపిస్తాడు.

ఆయనకు అప్పటికి 34 ఏళ్లు. ఇంకా 46 ఏళ్ల జీవితం ఉంది, సినిమాలు దాన్ని పెద్దగా పట్టించుకోలేదు. టూమ్‌స్టోన్‌లో భార్యగా కలిసి బతికిన మ్యాటీ బ్లేలాక్‌ను వదిలేసి, జోసెఫీన్ మార్కస్ అనే యువతితో మిగతా జీవితమంతా గడిపాడు. మ్యాటీ 1888లో మత్తుమందు ఎక్కువై చనిపోయింది. వయాట్, జోసెఫీన్ శాన్ డియేగోలో స్థలాల వ్యాపారం చేశారు, అలాస్కాలోని నోమ్‌లో సారాకొట్టు పెట్టారు, నెవాడాలో గనుల కోసం తిరిగారు. 1896లో శాన్ ఫ్రాన్సిస్కోలో ఫిట్జ్‌సిమన్స్, షార్కీల మధ్య జరిగిన బాక్సింగ్ పోటీకి ఆయన రిఫరీ. రింగులోకి కోటులో తుపాకీతో ఎక్కితే పోలీసు అధికారి వచ్చి తీసేసుకున్నాడు. ఎనిమిదో రౌండులో ఫిట్జ్‌సిమన్స్ షార్కీని పడగొట్టాడు. అది నడుము కిందకు తగిలిన దెబ్బ, ఫౌల్ అని ఎర్ప్ షార్కీని విజేతగా ప్రకటించాడు. జనం మండిపడ్డారు, పత్రికలు దుమ్మెత్తిపోశాయి. ఆ తర్వాత చాలా ఏళ్లపాటు ఆయన పేరు చెబితే ఎక్కువమందికి గుర్తొచ్చింది ఓ.కె. కోరల్ కాదు, ఆ తీర్పే.

చివరి ఏళ్లలో లాస్ ఏంజెల్స్‌లో చిన్న అద్దె ఇంట్లో ఉంటూ, చలికాలంలో ఎడారిలోని చిన్న గని దగ్గరకు వెళ్లేవాడు. చుట్టూ కొత్తగా సినిమా పరిశ్రమ పెరుగుతోంది. షూటింగుల దగ్గరకు వెళ్లేవాడని, హార్ట్, మిక్స్‌లతో స్నేహమైందని తెలుసు. హార్ట్ 1923 సినిమా 'వైల్డ్ బిల్ హికాక్'లో వయాట్ ఎర్ప్ పాత్ర చిన్నగా ఉంది. ఆయన బతికుండగా తెరమీద ఆయన పాత్ర కనిపించింది అదొక్కసారే. తనపై పడిన మచ్చ పోవాలని, హార్ట్ తన జీవితాన్ని సినిమాగా తీయాలని ఆయన కోరిక. జాన్ ఫ్లడ్ అనే గనుల ఇంజనీరు ఆయన చెబుతుంటే జీవితకథ రాశాడు. రాత బాగాలేదని ప్రచురణకర్తలు తిప్పి పంపారు. జోసెఫీన్ పక్కన కూర్చుని కథ శుభ్రంగా ఉండాలని పట్టుబట్టేది. మ్యాటీ పేరు రాకూడదు, గుర్రాల కేసు రాకూడదు. తమ కథను సినిమావాళ్లు మార్చకముందే ఇంట్లోవాళ్లు మార్చారు. మన ఇళ్లలో తాతల కథలు చెప్పేటప్పుడు మనం చేసేది కూడా కొంచెం ఇలాంటిదేనేమో, మీరే చెప్పాలి.

ఆయన పోయిన రెండేళ్లకు, 1931లో, స్టువర్ట్ లేక్ రాసిన 'వయాట్ ఎర్ప్: ఫ్రాంటియర్ మార్షల్' వచ్చింది. అందులో ఎర్ప్ మాటలంటూ పేజీలకు పేజీలున్నాయి. ఎర్ప్ బాగా మితభాషి అని, ఆ మాటలు కూర్చింది తానేనని లేక్ చాలా ఏళ్ల తర్వాత ఒప్పుకున్నాడు. ఎర్ప్‌కు బహుమతిగా వచ్చిందని లేక్ రాసిన 'బంట్‌లైన్ స్పెషల్' అనే పొడవాటి తుపాకీకి అప్పటి రికార్డుల్లో ఆధారమే దొరకలేదు. అయినా 1955లో మొదలైన టీవీ సీరియల్‌లో అది కనిపించింది, బొమ్మతుపాకులుగా కూడా అమ్ముడైంది. తర్వాతి సినిమాలు చాలావరకు ఈ పుస్తకం నీడలోనే పుట్టాయి.

మీరు ఒక్కటే చూడాలనుకుంటే జాన్ ఫోర్డ్ 1946లో తీసిన 'మై డార్లింగ్ క్లెమెంటైన్' చూడండి. హెన్రీ ఫోండా ఎర్ప్‌గా చేశాడు. కాల్పులు ఎలా జరిగాయో ఎర్ప్ స్వయంగా తనకు చెప్పాడని, అలాగే తీశానని ఫోర్డ్ చెప్పుకునేవాడు. ఆ సినిమాలో జేమ్స్ అందరికంటే చిన్న తమ్ముడు, మొదట్లోనే చనిపోతాడు. నిజంగా జేమ్స్ వయాట్‌కు అన్న, 1926 దాకా బతికాడు. సినిమాలో ముసలి క్లాంటన్ ప్రధాన విలన్. నిజంగా ఆయన కాల్పులకు రెండు నెలల ముందే చనిపోయాడు. సినిమాలో వర్జిల్ చనిపోతాడు, నిజంగా 1905 వరకు ఉన్నాడు. హాలిడే సినిమాలో సర్జన్, కాల్పుల్లో నేలకొరుగుతాడు. నిజంగా పళ్ల డాక్టరు, క్షయతో 1887లో 36 ఏళ్ల వయసులో మంచంమీద పోయాడు. షూటింగ్ జరిగిన మాన్యుమెంట్ వ్యాలీ, టూమ్‌స్టోన్‌కు దాదాపు 600 కిలోమీటర్ల దూరం. చివర్లో హీరో హీరోయిన్‌కు షేక్‌హ్యాండ్ ఇచ్చి వెళ్తే ప్రివ్యూ ప్రేక్షకులు నవ్వారని, నిర్మాత జానక్ తర్వాత చిన్న ముద్దు చేర్పించాడు. ఇన్ని తప్పులున్నా ఇది అందమైన సినిమా. పిల్లలతో చూడొచ్చు. తప్పులు పట్టే ఆట కూడా ఆడుకోవచ్చు.

జోసెఫీన్ అభ్యంతరాల వల్ల 1934 నాటి సినిమాలో హీరో పేరు మైకేల్ వయాట్ అని మార్చారు. ఆమె 1944లో పోయాక అడ్డు చెప్పేవాళ్లు లేరు. 1957 నాటి 'గన్‌ఫైట్ అట్ ద ఓ.కె. కోరల్'తో ఆ దొడ్డి పేరే స్థిరపడిపోయింది. ముప్పై సెకన్లు అందులో నిమిషాలయ్యాయి. దాన్ని తీసిన జాన్ స్టర్జెస్‌కే తృప్తి కలగలేదో ఏమో, పదేళ్లకు 'అవర్ ఆఫ్ ద గన్' తీసి, కాల్పులతోనే కథ మొదలుపెట్టి తర్వాతి పగల గురించి చెప్పాడు. 1993 నాటి 'టూమ్‌స్టోన్'లో బట్టలు, మీసాలు, ఊరి వాతావరణం చాలా దగ్గరగా ఉన్నాయి. పారిపోయిన బిల్లీ క్లేబోర్న్ పాత్ర వేసిన నటుడి పేరు కూడా వయాట్ ఎర్ప్, అసలాయనకు దూరపు బంధువు! అయితే వర్జిల్, మోర్గన్‌లపై దాడులు సినిమాలో ఒకే రాత్రి జరుగుతాయి. మధ్యలో దాదాపు మూడు నెలలు ఉన్నాయని మీకు ఇప్పుడు తెలుసు. రక్తపాతం ఎక్కువ, చిన్నపిల్లలతో వద్దు. 1994 నాటి కెవిన్ కాస్ట్‌నర్ 'వయాట్ ఎర్ప్' యురిల్లా మరణాన్నీ, గుర్రాల దొంగతనాన్నీ కూడా చూపించింది. హాలిడేగా కనిపించడానికి డెనిస్ క్వెయిడ్ దాదాపు 20 కిలోలు తగ్గాడు. మూడు గంటలు దాటిన ఆ సినిమా మిగతావాటికంటే నిజానికి దగ్గర, కానీ పెద్దగా ఆడలేదు.

వయాట్ ఎర్ప్ చితాభస్మాన్ని శాన్ ఫ్రాన్సిస్కో దగ్గర కోల్మాలోని యూదుల శ్మశానంలో ఉంచారు, జోసెఫీన్ యూదు కుటుంబానికి చెందినది కాబట్టి. తర్వాత ఆమె కూడా అక్కడికే చేరింది. ఇక టూమ్‌స్టోన్‌లో పర్యాటకులకు ఈనాటికీ ఆ కాల్పులను నటులు ఆడి చూపిస్తున్నారు. ఫ్లై స్టూడియో పక్కన ఉండిన ఆ ఖాళీ స్థలాన్ని గోడ కట్టి వీధి నుంచి వేరు చేశారు. అదిప్పుడు టికెట్ కొని లోపలికి వెళ్లే ఓ.కె. కోరల్ ప్రాంగణంలో ఒక భాగం.